పేజీ మన ఫోన్లో పట్టకపోతే తప్పు మనది కాదు



పోస్టు పెద్దదే. సగంలో ఆపేస్తారేమో అని భయం ఉంది, అయినా చివరిదాకా చదవమని అడుగుతున్నాను. ఎందుకంటే మన హాస్టళ్ళలో ఈ మధ్య అందరూ ఒప్పుకుంటున్న ఒక మాటకి నేను ఎదురు చెప్పబోతున్నాను. "పనులన్నీ ఆన్‌లైన్ అయిపోయాయి, ఆన్‌లైన్ అంటే కంప్యూటర్, కాబట్టి మన పిల్లలందరికీ లాప్‌టాప్‌లు ఇవ్వాలి, అదే మన మొదటి డిమాండ్" అని సీనియర్ అన్నలు అంటున్నారు. లాప్‌టాప్ వద్దని నేను అనను. నాకూ లేదు. ఇస్తే రెండు చేతులా తీసుకుంటాను. కానీ మొదటి డిమాండ్ అది కాకూడదు. మనకోసం అని పెట్టిన ప్రతి పేజీ ముందు మన చేతిలో ఉన్న ఫోన్లో సరిగ్గా తెరుచుకోవాలి, అక్షరాలు చదవడానికి రావాలి, బటన్లు కనిపించాలి. మొదట అడగాల్సింది ఇది.

అన్నల మీద గౌరవంతోనే రాస్తున్నాను. నేను ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. రెండో మనిషి మా చెల్లి కావాలి. కిందటేడు తనకి ఇంటర్ అయింది. ఒక కోర్సులో సీటుకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి. ఏ సైటో చెప్పను, అలాంటివి మీరూ చూసే ఉంటారు. నేను విశాఖలో హాస్టల్లో ఉన్నాను, పరీక్షలు నడుస్తున్నాయి. చెల్లి ఫోన్ చేసి "పాడేరు వెళ్ళి నెట్ సెంటర్లో పెట్టించమంటావా అన్నా" అని అడిగింది. "ఎందుకే, జీపు డబ్బులు దండగ. అమ్మ ఫోన్లోనే పెట్టెయ్యొచ్చు. నేను కంప్యూటర్ సైన్సు కదా చదువుతున్నాను, నేను చెప్తాను" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను.

మా ఊళ్ళో సిగ్నల్ బడి వెనక గట్టు మీదే వస్తుంది. సాయంత్రం అక్కడికెళ్ళి కూర్చుంది. పేజీ తెరిస్తే అక్షరాలు చీమల బారు. రెండు వేళ్ళతో లాగి పెద్దవి చేస్తే రాయాల్సిన గడి కనిపిస్తుంది, ఆ గడి దేనికో కనిపించదు. పక్కకి జరిపితే పేరు కనిపిస్తుంది, గడి పోతుంది. కులం సర్టిఫికెట్ నంబర్ గడిలో ఆదాయం సర్టిఫికెట్ నంబర్ పడింది, మళ్ళీ చెరిపి రాసింది. గంటన్నర పట్టింది. ఆఖర్న "సేవ్" అన్న నీలం బటన్ నొక్కింది. "సేవ్ అయింది" అని వచ్చింది. "అయిపోయింది అన్నా" అంది. "సరే, ఇంటికెళ్ళి పడుకో" అన్నాను.

అవ్వలేదు. ఆ నీలం బటన్‌కి కుడివైపు, తెర బయట, "ఫైనల్ సబ్మిట్" అని ఇంకో బటన్ ఉంది. కంప్యూటర్లో రెండూ ఒకే వరసలో కనిపిస్తాయి. ఫోన్లో పెద్దది చేసుకుని చూస్తున్న మనిషికి రెండో బటన్ ఉన్నట్టే తెలీదు. గడువు దాటాక జాబితాలో పేరు లేదు. అప్పుడు నాన్న, చెల్లి పాడేరు వెళ్ళి నెట్ సెంటర్లో చూపించారు. "డ్రాఫ్టులోనే ఉండిపోయిందమ్మా. ఫోన్లో చేశారా? ఇలాంటివి ఫోన్లో చెయ్యకూడదు" అని చెప్పాడట ఆయన.

ఆ ఏడాదంతా చెల్లి ఇంటి దగ్గరే ఉండిపోయింది. కాఫీ పళ్ళు ఏరింది, మిరియాలు కోసింది, సంతకి పసుపు మోసింది. ఆ పనిని నేను తక్కువ చెయ్యట్లేదు, ఆ పనితోనే మా అమ్మానాన్నలు నన్ను చదివిస్తున్నారు. కానీ అది తను కోరుకున్నది కాదు. నేను సెలవులకి వెళ్ళినప్పుడు "నాకు తెలివి లేదులే అన్నా, అంత చిన్నది కూడా చెయ్యలేకపోయాను" అంది. అమ్మ కూడా "దానికేటి తెలుసు బాబూ, చిన్నపిల్ల" అంది. నాన్న ఏమీ అనలేదు. అందరం కలిసి తప్పు చెల్లి మీద వేసేశాం. నేను కూడా.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే. ఫారం అవ్వకపోతే మనకి రాదు అనుకుంటాం. బటన్ కనిపించకపోతే మనం చూసుకోలేదు అనుకుంటాం. ఫోన్ చిన్నది, సిగ్నల్ లేదు, ఇంగ్లీషు రాదు, మనదే తప్పు. ఆ పేజీ కట్టినవాడి తప్పు కావచ్చని మనలో ఒక్కరికీ తోచదు. వెబ్ డిజైన్ సగం నేర్చుకున్న నాకే తోచలేదు.

నాకు ఎప్పుడు తోచిందో చెప్తాను. అదే ఏడాది ఆగస్టు 9కి, ఆదివాసీ దినోత్సవానికి, మా హాస్టల్ వాళ్ళం ఒక పేజీ పెడదామనుకున్నాం. కార్యక్రమాల వివరాలు, థింసా ఫోటోలు, ఎవరు ఎక్కడికి రావాలి, ఇవన్నీ. ఆ పని నాకిచ్చారు. ల్యాబులో పెద్ద మానిటర్ ముందు కూర్చుని కట్టాను. వెడల్పు 1200 పిక్సెల్స్ అని కట్టేశాను. పైన మెనూ, దాని మీదకి మౌస్ తీసుకెళ్తే కిందకి జారి తెరుచుకుంటుంది, చూడటానికి భలే ఉంది. కార్యక్రమాల పట్టికని పోస్టర్ చేసి బొమ్మగా పెట్టాను. ఫోటోలు ఫోన్లో తీసినవి తీసినట్టే ఎక్కించాను, ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలు. సార్ మెచ్చుకున్నారు. లింక్ చెల్లికి పంపాను. అరగంట తర్వాత ఫోన్ చేసి "అన్నా, ఇది కూడా ఆ ఫారం లాగే ఉంది" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ల్యాబుకి వెళ్ళి ఇలా ఎందుకవుతుందో వెతకడం మొదలుపెట్టాను. అక్కడ తెలుసుకున్నది మీకూ చెప్తాను. ఇది కంప్యూటర్ చదివేవాళ్ళకి మాత్రమే కాదు, ఫోన్ వాడే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. తెలిస్తేనే కదా అడగగలం.

2007లో ఐఫోన్ వచ్చినప్పుడు వెబ్‌సైట్లు దాదాపు అన్నీ కంప్యూటర్ తెర కోసం కట్టినవే. వాటిని చిన్న తెర మీద ఎలాగోలా చూపించాలి. అందుకని ఫోన్ బ్రౌజర్‌కి ఒక ఉపాయం పెట్టారు. అది పేజీతో "నా వెడల్పు 980 పిక్సెల్స్" అని అబద్ధం చెప్తుంది. పేజీ ఆ వెడల్పుకి పరుచుకుంటుంది. తర్వాత బ్రౌజర్ దాన్ని మొత్తం కుదించి చిన్న తెరలో చూపిస్తుంది. పేజీ కట్టినవాళ్ళు వేరే ఏమీ చెప్పకపోతే ఫోన్లు ఇప్పటికీ ఇదే చేస్తాయి. మన దగ్గరుండే మామూలు ఫోన్ల వెడల్పు వెబ్ లెక్కలో 360 పిక్సెల్స్ దగ్గర ఉంటుంది. డబ్బా మీద 720 అని రాసి ఉంటుంది కానీ ఆ చుక్కలు మరీ సన్నవి, రెండేసి కలిపి ఒకటిగా లెక్కేస్తారు. 980ని 360లో ఇరికిస్తే 16 సైజు అక్షరం 6 సైజుకి పడిపోతుంది. అవే చెల్లి చూసిన చీమల బారులు.

దీనికి మందు ఏమిటంటే, పేజీ తల భాగంలో ఒక్క లైను. వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ అంటారు. "నీ అసలు వెడల్పు ఎంతో అంతే చెప్పు, అబద్ధం వద్దు" అని బ్రౌజర్‌కి చెప్పే లైను అది. రాయడానికి అర నిమిషం పడుతుంది. ఆ లైను ఒక్కటే చాలదు, పేజీలో ఉన్న గడులూ బొమ్మలూ కూడా ఆ వెడల్పుకి సర్దుకోవాలి. అది ఎలాగో కూడా కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే అమెరికా డిజైనర్ "ఎ లిస్ట్ అపార్ట్" అనే వెబ్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దానికి ఆయన పెట్టిన పేరే రెస్పాన్సివ్ వెబ్ డిజైన్. ఒకే పేజీ, తెర ఎంతుంటే అంతకి తగ్గట్టు మారాలి. అందుకు మూడు పనులు చెప్పాడు.

మొదటిది, కొలతలు పిక్సెల్స్‌లో కాకుండా వంతుల్లో పెట్టడం. అన్నదమ్ములు చేను పంచుకునేటప్పుడు "మూడో వంతు నీది, రెండు వంతులు నాది" అనుకుంటే చేను పెద్దదైనా చిన్నదైనా పంపకం కుదురుతుంది. "నాకు ఎకరం కావాలి" అని పట్టుబడితే అరెకరం చేనులో ఎలా కుదురుతుంది? నేను పెట్టిన 1200 పిక్సెల్స్ అలాంటి పట్టుదలే.

రెండోది, బొమ్మ తనున్న చోటుకన్నా వెడల్పు కాకూడదని చెప్పడం. సీఎస్ఎస్‌లో అది కూడా ఒక్క లైనే.

మూడోది మీడియా క్వెరీ. తెర ఇంతకన్నా ఇరుకైతే ఇలా సర్దు, వెడల్పైతే అలా సర్దు అని షరతు పెట్టడం. పెళ్ళిలో భోజనాల బంతి ఎలా వేస్తాం? వాకిలి పెద్దదైతే నాలుగు వరసలు పక్కపక్కనే, ఇరుకు వాకిలైతే ఒకటే వరస పొడుగ్గా. వండింది అదే, తినేవాళ్ళూ వాళ్ళే. ఇరుకు వాకిలి ఇల్లని ఎవరినీ ఆకలితో పంపెయ్యం కదా. ఆ రెండు బటన్లని ఒకదాని కింద ఒకటి పెట్టి ఉంటే మా చెల్లికి ఏడాది పోయేది కాదు.

ఇదేదో నిన్నా మొన్నా వచ్చింది కాదని గమనించండి. మీడియా క్వెరీలని వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ త్రీసీ 2012 జూన్‌లోనే ప్రమాణంగా ఖాయం చేసింది. అంతకు ముందే, 2011లో, అమెరికాలో బోస్టన్ గ్లోబ్ అనే పెద్ద పత్రిక తన సైటు మొత్తాన్ని ఈ పద్ధతిలో కట్టించుకుంది. గూగుల్ 2015 ఏప్రిల్ నుంచి ఫోన్లో వెతికేవాళ్ళకి ఫోన్‌కి సరిపడే పేజీలని ముందుకు తెస్తోంది. మా చెల్లి ఆ గట్టు మీద కూర్చునే నాటికి ఈ విద్య పుట్టి పదేళ్ళు దాటిపోయింది.

ఇంకో సంగతి తెలిసి నాకు ఆశ్చర్యమేసింది. 1991లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్ లీ పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీకి కట్టుదిట్టమైన వెడల్పే లేదు. ఇప్పుడు కూడా కంప్యూటర్లో తెరిచి విండోని ఎంత ఇరుకు చేస్తే ఆ రాత అంతకి మడత పడి కిందకి దిగుతుంది. అంటే వెబ్ పుట్టినప్పుడే ఏ తెరకైనా సర్దుకునే గుణంతో పుట్టింది. కాగితం మీద అచ్చు వేసినట్టు ఇక్కడ ఇదే ఉండాలి, ఇంత వెడల్పే ఉండాలి అని మొండికేసి దాన్ని పాడుచేసింది తర్వాత వచ్చిన డిజైనర్లు. జాన్ ఆల్సప్ అనే ఆయన 2000లోనే, అదే పత్రికలో, వెబ్ కాగితం కాదు, ఆ పట్టు వదలండి అని రాశాడు. కాబట్టి "ఫోన్లో చెయ్యకూడదమ్మా" అని ఎవరైనా అంటే అది ప్రకృతి ధర్మం కాదు. ఎవరో చెయ్యాల్సిన పని చెయ్యలేదు, అంతే.

ఇప్పుడు అన్నలు అనే మాటలకి ఒక్కొక్కదానికి జవాబు చెప్తాను.

"లాప్‌టాప్ ఉంటే ఈ గొడవే లేదు కదా తమ్ముడూ." నీకు లేదు అన్నా. మీ అమ్మకి ఉంది. పింఛన్ ఆగిపోతే ఎందుకు ఆగిందో చూడాల్సింది మీ అమ్మ. భూమి కాగితంలో పేరు తప్పు పడితే చూసుకోవాల్సింది మీ నాన్న. వాళ్ళకి ఎవరూ లాప్‌టాప్ ఇవ్వరు, ఇచ్చినా కొండ మీద చార్జింగ్ ఎక్కడ, నెట్ ఎక్కడ. వాళ్ళ చేతిలో ఉన్నది ఆ ఏడు వేల ఫోన్, దాని గాజు ఒక మూల పగిలి ఉంటుంది. చదువుకున్న పిల్లలకి లాప్‌టాప్ వస్తే చదువుకున్న పిల్లల గొడవ తీరుతుంది. పేజీ ఫోన్‌కి సరిపడితే ఊరందరి గొడవా తీరుతుంది. పైగా లాప్‌టాప్ డిమాండ్ ముందు పెట్టామంటే "ఆన్‌లైన్ అంటే కంప్యూటరే" అని మనమే సంతకం పెట్టిచ్చినట్టు. రేపు అదే మాట మన మీదకి తిప్పుతారు, "మీరే అన్నారుగా" అని.

"సైటు బాలేకపోతే యాప్ చెయ్యమందాం." వద్దు అన్నా. ఒక్కో పనికి ఒక్కో యాప్ అంటే 32 జీబీ ఫోన్లో ఎక్కడ పెడతాం? ఇప్పటికే కొత్త యాప్ ఎక్కించాలంటే అమ్మ ఫోన్లో ఫోటోలు తీసెయ్యాలి. పాత ఆండ్రాయిడ్‌లో కొన్ని యాప్‌లు ఎక్కనే ఎక్కవు. అప్‌డేట్ అడుగుతుంది, గట్టు మీద సిగ్నల్‌కి అది దిగదు. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం 2013లోనే తన శాఖలకి ఈ మాట చెప్పింది, విడిగా యాప్‌ల మీద పడకండి, ముందు మీ వెబ్‌సైట్ ఫోన్లో బాగా పనిచేసేలా కట్టండి అని. డబ్బున్న దేశమే యాప్‌ల వెంట పడొద్దనుకుంటే మనకెందుకు?

"జూమ్ చేసుకోవచ్చు కదా, డెస్క్‌టాప్ సైట్ అని టిక్ పెట్టుకోవచ్చు కదా." మా చెల్లి జూమ్ చేసుకునే కదా చూసింది. జూమ్ చేస్తే ఎడమ పక్క చూసినప్పుడు కుడి పక్క పోతుంది. అదే అసలు రోగం. డెస్క్‌టాప్ సైట్ టిక్ పెట్టడం అంటే ఫోన్‌ని మళ్ళీ అబద్ధం ఆడమనడం. ఇంకా ఘోరం ఏమిటంటే కొన్ని పేజీల్లో ఆ జూమ్ కూడా కట్టేస్తారు, రెండు వేళ్ళతో లాగినా కదలదు. కంట్లో పొర వచ్చిన ముసలివాళ్ళు ఏం చేస్తారో కట్టినవాళ్ళు ఆలోచించలేదు.

"అలా కట్టాలంటే ఖర్చు ఎక్కువ అవుతుంది, టైము పడుతుంది." మొదట పెద్ద తెరకి కట్టి, తర్వాత దాన్ని చిన్న తెరలోకి ఇరికించాలంటే అవును, పడుతుంది. నేనే ఆ ఆగస్టు పేజీని మూడు రాత్రులు సరిచేశాను. అదే మొదట చిన్న తెరకి కట్టి, తెర పెరిగిన కొద్దీ పక్కకి పరుచుకుంటూ పోతే పని తగ్గుతుంది. లూక్ రోబ్లెవ్‌స్కీ అనే ఆయన 2009లోనే చెప్పాడు దీన్ని, మొబైల్ ఫస్ట్ అని. చిన్న తెర ముందు కూర్చుంటే ఇంకో మేలు కూడా ఉంది. చోటు తక్కువ కాబట్టి ఏది అవసరమో ఏది కాదో తేల్చుకోవాల్సి వస్తుంది. పైన తిరిగే బ్యానర్లు, పెద్దమనుషుల ఫోటోలు, పరిగెత్తే అక్షరాలు, తండ్రి పేరు మూడు చోట్ల, ఇవన్నీ ఎందుకని అప్పుడు అడుగుతారు.

ఇందులో తెలుగు గొడవ వేరే ఉంది. ఇంగ్లీషులో "సేవ్" అంటే నాలుగు అక్షరాలు. దాన్ని "భద్రపరచండి" అని మార్చితే ఇంగ్లీషు మాట కొలతకి కోసిన బటన్లో అది పట్టదు, సగం తెగిపోతుంది. మన అక్షరానికి కింద వత్తులుంటాయి, పైన గుడులుంటాయి. బటన్ ఎత్తు, లైన్ల మధ్య దూరం ఇంగ్లీషు లెక్కకి కట్టేస్తే వత్తులు తెగిపోతాయి, క్ష అనేది క లాగా కనిపిస్తుంది. ఇంకొందరు తెలుగు రాతని బొమ్మగానో, స్కాన్ చేసిన పీడీఎఫ్‌గానో పెడతారు. బొమ్మ మడత పడదు. రాత అయితే తెర ఇరుకైన కొద్దీ కిందకి దిగుతుంది, బొమ్మ మొత్తం కలిసి చిన్నదైపోతుంది. వెతికితే దొరకదు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అందదు, డేటా కూడా ఎక్కువ తింటుంది. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 1991 నుంచి ఉన్నాయి. మన గోండు పిల్లల గుంజాల గోండి లిపి కూడా 2018లో చేరింది. నోటీసుని ఇంకా బొమ్మగా పెట్టడానికి సాకు ఏముంది?

ఇంకో మాట. మనం ఏదో దయ చూపించమని అడుగుతున్నామని ఎవరూ అనుకోవద్దు, దీనికి రాసిన నియమం ఉంది. వెబ్ అందరికీ అందాలని డబ్ల్యూ త్రీసీ పెట్టిన ప్రమాణాలున్నాయి. 2018 జూన్‌లో వచ్చిన వాటి 2.1 కూర్పులో రీఫ్లో అని ఒక నియమం ఉంది. 320 పిక్సెల్స్ వెడల్పులో కూడా పేజీ పైనుంచి కిందకి జరిపితే చాలు, పక్కకి జరపాల్సిన అవసరం రాకూడదు. పటాలు, పెద్ద పట్టికల లాంటి వాటికి మాత్రం మినహాయింపు. ఈ నియమం చూపు తక్కువున్నవాళ్ళ కోసం రాశారు. 1280 వెడల్పు తెరని నాలుగింతలు పెద్దది చేస్తే మిగిలేది 320, అదీ లెక్క. చూపు తక్కువున్న మనిషికి, చిన్న ఫోన్ ఉన్న మనిషికి కష్టం ఒకటే కాబట్టి ఆ నియమం మనకీ పనికొస్తుంది. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009లో మొదట వచ్చాయి. 2023లో మూడో కూర్పు వచ్చింది, అది పై ప్రమాణాన్నే ఆధారం చేసుకుంది. కాగితం మీద మన పక్షాన రాత ఉంది. పోడు భూముల దగ్గర మనం నేర్చుకున్నదే ఇక్కడా. రాత ఉంటే సరిపోదు, దాన్ని చూపించి అడిగేవాళ్ళుండాలి.

కాబట్టి నేను అడిగేవి ఇవి.

ఒకటి. ఏ పేజీలో ఆగిపోయినా "నాకు రాలేదు" అని వదిలెయ్యకండి. స్క్రీన్‌షాట్ తియ్యండి. ఏ ఫోన్, ఏ తేదీ, ఏ బటన్ కనిపించలేదు, ఎన్ని సార్లు ప్రయత్నించారు, నెట్ సెంటర్‌కి ఎంత ఖర్చయింది, రాసి పెట్టండి. ఆధార్ నంబర్లు, సర్టిఫికెట్ నంబర్లు మాత్రం చెరిపేసి గ్రూపులో వెయ్యండి. ఒక్కరు చెప్తే "నీకు తెలీదు" అంటారు. యాభై మంది ఒకే బటన్ గురించి చెప్తే అలా అనలేరు.

రెండు. వినతిపత్రాల్లో ఈ డిమాండ్ చేర్చండి. కొత్త సైటు ఏది పెట్టినా, ముందు తక్కువ ధర ఫోన్లో, బలహీనమైన సిగ్నల్లో, మన విద్యార్థుల చేత పరీక్ష చేయించి, ఆ తర్వాతే గడువు తేదీ ప్రకటించాలి. పెట్టేసిన సైట్ల విషయంలో 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు, "ఈ సైటు కట్టే ఒప్పందంలో ఫోన్లో పరీక్ష చెయ్యాలని రాశారా, చేస్తే ఆ రిపోర్టు ఇవ్వండి" అని.

మూడు. ఇది నాలాగా కంప్యూటర్ కోర్సులు చదివేవాళ్ళకి. మీరు కట్టే పేజీని మానిటర్లో చూసి మురిసిపోకండి. క్రోమ్‌లో ఎఫ్ 12 నొక్కితే పక్కన పనిముట్లు తెరుచుకుంటాయి, అందులో ఫోన్ బొమ్మ ఉన్న గుర్తు నొక్కి వెడల్పు 360 పెట్టి చూడండి, తర్వాత 320 పెట్టి చూడండి. పక్కకి జరుగుతోందంటే పని అవ్వలేదు. మౌస్ పెడితేనే తెరుచుకునే మెనూలు మానెయ్యండి, వేలికి అలాంటిది తెలీదు. బటన్లు వేలికి అందేంత పెద్దవి పెట్టండి, ఆండ్రాయిడ్ వాళ్ళే 48 యూనిట్లు ఉండాలంటారు. ఫోన్ నంబర్ గడి నొక్కితే అంకెల కీబోర్డ్ రావాలి. ఫోటోలు చిన్నవి చేసి ఎక్కించండి. 4000 పిక్సెల్స్ ఫోటో 360 తెరలో చూపించడానికి జనం డేటా తగలెయ్యకండి. ఇవన్నీ చేశాక కూడా నమ్మకండి. ఊళ్ళో ఉన్న మీ అక్కకో చెల్లికో పంపి, ఏమీ చెప్పకుండా వాడమనండి. ఎక్కడ ఆగితే అక్కడ మీ తప్పుంది.

ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే రేపు ఈ సైట్లు కట్టే కంపెనీల్లో మనలో కొందరికి ఉద్యోగాలొస్తాయి. పెద్ద మానిటర్ ముందు కూర్చోగానే గట్టు మర్చిపోవడం ఎంత తేలికో నాకు తెలుసు, చదువు పూర్తికాక ముందే నేను మర్చిపోయాను. మనవాళ్ళు బయట ఉండిపోయే పేజీని మనవాడే కట్టాడంటే మనం చదువుకుని ఏం లాభం?

ఈ ఏడు చెల్లి మళ్ళీ దరఖాస్తు పెట్టింది. ఆ ఫారం ఏమీ మారలేదు, రెండో బటన్ ఇంకా అక్కడే తెర బయటే ఉంది. ఈసారి నేను ఊరెళ్ళి, పాడేరు తీసుకెళ్ళి నెట్ సెంటర్లో పెట్టించాను. జీపు చార్జీలు, ఫారానికి, ప్రింటుకి, అందరి తిండికి కలిపి ఆరు వందల దాకా అయింది, అమ్మకి ఒక రోజు కూలి కూడా పోయింది. సీటు వచ్చింది. మా ఇంట్లో కాలేజీకి వెళ్ళే రెండో మనిషి ఎట్టకేలకి బయల్దేరింది. కానీ ఇలా తోడు వెళ్ళే అన్న లేని చెల్లెళ్ళు మన కొండల్లో ఎంతమంది ఉన్నారో లెక్కెట్టినవాళ్ళు లేరు. డ్రాఫ్టులో ఉండిపోయిన ఫారాలని ఎవరూ జాబితాలో వెయ్యరు.

ఇప్పుడు నేను ఏ పేజీ కట్టినా మొదట చెల్లికే పంపుతున్నాను. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అదే ఫోన్ పట్టుకుని అదే గట్టు మీద కూర్చుని తెరుస్తుంది. "బటన్ ఎక్కడుంది అన్నా" అని అడిగిందంటే వాదించడం మానేశాను, కూర్చుని సరిచేస్తున్నాను. "నాకు తెలివి లేదు" అని మాత్రం తను ఇప్పుడు అనట్లేదు. "నువ్వు సరిగా కట్టలేదు" అంటోంది. మనమందరం ఆ మాట అనడం నేర్చుకోవాలి.

లాప్‌టాప్‌ల గురించి అన్నలకి వేరే అభిప్రాయం ఉంటే కింద రాయండి, తిట్టినా పర్లేదు, చదువుతాను. స్క్రీన్‌షాట్లు ఉన్నవాళ్ళు ఈ రోజు నుంచే వెయ్యండి.

జోహార్. జై ఆదివాసీ.